ఏడుగురు ఆడవాళ్లు, ఒక పుట్టి

ఆ చెరువు పేరు ఇక్కడ రాయను. అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం దాటి ఇంకొంత లోపలికి పోతే వచ్చే చెరువు, దాని వెనక ఒక కొండ. అంతవరకు చాలు. పేరు రాస్తే కట్టమీది బంగళా ఏదో, అందులో దిగిన ఆఫీసరు ఎవరో ఆరా తీసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. కానీ ఆ రోజు మేం చేసింది తప్పని అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

నేను పుట్టి పెరిగింది పామిడిలో. మా సందు చివర పెన్న. ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసక మైదానం. చెలమలు తోడి నీళ్లు తెచ్చుకునేవాళ్లం. ఏరు వచ్చిన ఆ కొద్ది వారాలు మాత్రం మాకు ఇల్లు గుర్తుండేది కాదు. మా నాయన నా నడుముకు మునగబెండ్లు కట్టి నీళ్లలోకి దింపేవాడు. ఎనిమిదేళ్లకే బెండ్లు లేకుండా ఈదాను. పన్నెండు నిండగానే మా అమ్మ, "ఇంగ చాలు, ఒడ్డునుండు," అంది. ఎందుకని అడిగితే బిందె చేతికిచ్చింది. పద్దెనిమిదో ఏట పెళ్లయి అనంతపురం వచ్చేదాకా ఏటా ఒడ్డున నిలబడి మా తమ్ముళ్లు ఈదడం చూశాను.

మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. మేమున్నది ఎనిమిది వాటాల పొడుగాటి మిద్దె. మొదటి వాటాలో ఇంటివాళ్ల పెద్దామె ఉండేది. అరవై దాటిన మనిషి, భర్త పోయి చాలా ఏళ్లు. వీధంతా ఆమెను అవ్వ అనేది. మా ఎదురు వాటాలో ఆసుపత్రి నర్సు ఒకామె, క్రైస్తవురాలు, పెళ్లి చేసుకోకుండా తల్లిని చూసుకుంటూ ఉండేది. ఆమెను నర్సమ్మ అనేవాళ్లం. మిగిలిన వాటాల్లో నాలాగే గుమాస్తాల భార్యలు.

పెళ్లయిన మొదటి నాలుగేళ్లూ కరువే. మొగులు పట్టేది, గాలి లేచేది, మొగులు పోయేది. చెనిక్కాయ పంట చేతికి రాక పల్లెల్లోంచి జనం మూటలతో రైల్వే స్టేషను వైపు నడిచిపోతుంటే తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్లం. పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో మాత్రం ఒక ఏడాది దీపావళి వెళ్లాక వాన పట్టుకుంది. నాలుగు రోజులు సూర్యుడు కనబడలేదు. ఐదో రోజు ఊరంతా ఒకటే మాట, చెరువు నిండిందని, మరువ పారుతోందని. చెరువు నిండాక మిగులు నీళ్లు దాటిపోయే రాతికట్టను మావైపు మరువ అంటారు. మరువ పారడం చూసి ఎన్నేళ్లయిందో పెద్దవాళ్లు కూడా చెప్పలేకపోయారు.

ఆ వారం నుంచి మా వీధి మగవాళ్లు ఆదివారం ఇంట్లో ఉండటం మానేశారు. కట్టమీది బంగళా మా ఆయన ఆఫీసు అజమాయిషీ కిందే ఉండేది కాబట్టి అక్కడ వీళ్లకు మర్యాద. బంగళా వాళ్ల పుట్టిలో, అంటే తోలు పడవలో, చెరువంతా తిరగడం, మరువ దగ్గర ఈదడం, కొండెక్కడం, దిగి వచ్చి బంగళా వరండాలో పేకాట. మేం కోడి కూయకముందే లేచి చిత్రాన్నం, వడలు, పెరుగన్నం చేసి క్యారియర్లలో సర్ది ఇచ్చేవాళ్లం. సాయంత్రం కడగవలసిన క్యారియర్లు, కొండమీది గాలి ఎంత చల్లగా ఉందో చెప్పే మాటలు తిరిగి వచ్చేవి.

అలా నాలుగో ఆదివారం ఆయన తడి జుట్టుతో ఇంటికొచ్చాడు. "ఏమి నీళ్లు, ఏమి నీళ్లు. ఇట్లాంటి ఈత నా జన్మలో ఈదలేదు," అన్నాడు. నేను కాళ్లకు నీళ్లిస్తూ, "వచ్చే ఆదివారం నేనూ వస్తా," అన్నాను.

ఆయన నవ్వాడు. "నువ్వొచ్చి ఏం జేస్తావు ఆడ?"

"మీరేం జేస్తాండారో అదే."

"ఆడోళ్లు తిరిగే చోటు కాదే అది. అందరూ మగోళ్లుంటారు. గుడి ఉండాది, సినిమా ఉండాది, యాటికన్నా పో. నేను వద్దన్నానా?"

"మగోళ్లుంటే రాకూడదు. మగోళ్లు లేనప్పుడు పోవచ్చా?"

హాస్యానికి అడిగాననుకున్నాడు. "పో," అన్నాడు తువాలు అందుకుంటూ. ఆ ఒక్క మాటను నేను వదల్లేదు.

మరుసటి రోజు నర్సమ్మ డ్యూటీ నుంచి రాగానే వెళ్లి చెప్పాను. ఆమె చెప్పులు విప్పుతూ, "నాకు బుధవారం సెలవు," అంది. అంతే, వేరే మాట లేదు. ఇద్దరం మెల్లగా మాట్లాడుకుంటున్నామనే అనుకున్నాం గానీ అవ్వ తన వాటా గుమ్మంలోంచి, "బుధవారం యాడికమ్మే?" అని అడిగింది. చెప్పక తప్పలేదు.

"నేనూ వస్తా," అంది అవ్వ.

"కొండెక్కల్ల అవ్వా. మోకాళ్లు నొప్పులంటావు గదా."

"ఇంట్లో కూసున్నా నొస్తాయి. ఆ నొప్పేదో ఆడ నొయ్యనీ."

నా ఈడు వాళ్లు ఇంకో నలుగురు కలిశారు. వాళ్లలో ఇద్దరు ఇంట్లో చెప్పారు, ఇద్దరు చెప్పలేదు. నేను మంగళవారం సాయంత్రం చెప్పాను. పేపరు చదువుతున్న ఆయన ఊఁ అన్నాడు. విన్నాడో లేదో నాకు తెలియదు. విన్నట్టే లెక్క అనుకున్నాను.

బుధవారం మగవాళ్లు ఆఫీసులకు పోగానే అవ్వ పొలాన్ని కోరుకు, అంటే పంటలో వాటా లెక్కన, చేసే రైతు బండి కట్టుకుని వచ్చాడు. సద్ద రొట్టెలు, ఊరుబిండి పచ్చడి, ఒక దుత్తలో మజ్జిగ పెట్టుకున్నాం. మగవాళ్లకు కట్టినంత ఆర్భాటంగా మాకు మేం వండుకోవాలనిపించలేదు. వండుతూ కూర్చుంటే పొద్దు పోతుంది. దారిలో మాలో ఒకామె, "ఎవురన్నా చూస్తే?" అంది. నర్సమ్మ, "చూడ్డానికే గదా కండ్లుండేది," అంది. ఆ తరవాత ఆమె మళ్లీ అడగలేదు.

కట్ట మీదికి బండి ఎక్కగానే నీళ్లు కనబడ్డాయి. అంత నీటిని ఒకేచోట చూడటం నాకు అదే మొదలు. పెన్న వచ్చినప్పుడు పోతూనే ఉంటుంది. ఇది నిలబడి ఉంది. అవతలి గట్టున కొండ, దాని నీడ సగం చెరువు దాకా పడి ఉంది.

బంగళా కాపలా అతను ఎదురొచ్చి, ఎవరి ఇంటివాళ్లమో కనుక్కున్నాడు. "ఏమమ్మా, మగవాళ్లు యాడ?"

"రాలేదన్నా. మేమే వచ్చినాం," అన్నాను.

"మగవాళ్లు లేకుండా ఆడోళ్లను ఈడ ఉండనియ్యకూడదు. పుట్టి ఆఫీసరోళ్లకే."

"బంగళా మాకొద్దులే. చెరువు చూసుకోనిపోతాం."

"చూసినారు గదా. ఇంగ పాండి," అన్నాడు. దురుసుగా అనలేదు. తన ఉద్యోగం తాను చేస్తున్నట్టు అన్నాడు. దాంతో ఇద్దరు బండి వైపు తిరిగారు కూడా. అవ్వ మాత్రం చేతికర్ర కట్ట మీద గుచ్చి అక్కడే నిలబడింది.

తూము దగ్గర నీళ్లలో ఇంకో పుట్టి ఉంది. వెదురుబద్దలతో గుండ్రంగా అల్లి, కింద ఎనుము తోలు కప్పిన పడవ. పెద్ద గంప తేలుతున్నట్టు ఉంటుంది. అందులో నలభై ఏళ్ల మనిషి ఒకామె వల విదిలిస్తోంది. ఈ మాటలన్నీ విన్నట్టుంది. తల ఎత్తకుండానే, "ఏమప్పా, వాళ్లను తరుముతాండావు? అవతలికి పోవల్లంటే నేను దాటిస్తా, రాండమ్మా," అంది.

"నీకు పర్మిట్టు యాడుండాది?" అన్నాడు కాపలా అతను.

"రోజూ కూలోళ్లను దాటిస్తాండా గదా. అప్పుడడగలేదే నువ్వు."

"వాళ్లు కూలోళ్లు. వీళ్లు చూడనీకి వచ్చినోళ్లు."

"నా పుట్టికి ఆ బేదం తెలీదు," అంది ఆమె. మేం ఒక్కొక్కరం కట్ట రాళ్లు దిగాం. ఆమె మా చేతులు పట్టుకుని ఎక్కించింది. ఆమెను మేం అక్క అని పిలిచాం. ఇక్కడా అక్క అనే రాస్తాను. భర్త వలస పోయి తిరిగి రాలేదట. పుట్టి ఆయనది. పొద్దున కూలీలను అవతలి చేలకు దాటించి, పగలు చేపలు పట్టి, సాయంత్రం మళ్లీ వాళ్లను తెచ్చేది.

పుట్టికి ముందూ వెనకా ఉండదు. కాలు పెడితే కిందికి కుంగుతుంది, తెడ్డు వేస్తే తన చుట్టూ తాను తిరుగుతుంది. అందరం అంచు పొడుగునా చుట్టూ కూర్చున్నాం. అక్క, "ఎవురూ లేయద్దండి. నవ్వొచ్చినా కూసోనే నవ్వండి," అంది. ఆ మాటకే నవ్వొచ్చింది. కొంత దూరం పోయాక తెడ్డు నాకివ్వమన్నాను. నేను ఎంత వేసినా పుట్టి గానుగెద్దులా తిరిగిందే తప్ప ముందుకు కదల్లేదు. అక్క నా చేతుల మీద తన చేతులు పెట్టి, "ముందర నుంచి నీ దిక్కు లాగు. పక్కకు వద్దు," అని చూపించింది. పది సార్లు వేశాక పుట్టి కొండ వైపు కదిలింది. చెరువు నడిమధ్యలో అవ్వ చేయి నీళ్లలో వేలాడేసి అట్లే ఉంచేసింది. అవతలి గట్టు చేరేదాకా తియ్యలేదు.

కొండకు సగం దాకా మెట్లున్నాయి, ఆపైన బండలే. మెట్ల పక్క సీతాఫలం చెట్లు, చివరి కాయలు పిట్టలు తిన్నంత తిని వదిలేసినవి. అవ్వ ప్రతి ఇరవై మెట్లకూ కూర్చుని, మేం ఆగితే, "మీరు పోండి, నాకోసరం నిలబడద్దు," అనేది. మెట్లు అయిపోయిన చోట నేను చేయి అందించాను. అవ్వ పట్టుకోలేదు. చేతికర్ర నాకిచ్చి, రెండు చేతులూ బండకు ఆనించి, పాకినట్టుగా ఎక్కింది. మోకాలు గీసుకుని నెత్తురొచ్చింది. నర్సమ్మ కట్టు కడతానంటే, "పైకి పోయినాక," అంది.

పైన గాలి కొడుతోంది. మగవాళ్లు చెప్పిన మాట నిజమే, చల్లగా ఉంది. కింద చెరువు, దాని వెనక తడిసిన ఎర్రనేల, చెనిక్కాయ పెరికేసిన చేలు, వాటి మధ్య గుండ్లగుట్టలు, ఎక్కడో చివర మబ్బుగా ఊరు. మా మిద్దె ఎటువైపు ఉంటుందో వెతికాం. కనబడలేదు. ఎనిమిది వాటాలు, కుళాయి, క్యూలో పెట్టిన బిందెలు, పొగపట్టిన గోడలు, ఏవీ అక్కణ్ణుంచి కనబడలేదు. బండ సందులో ఒక దొన ఉంది, వాననీళ్లు నిండినది. దాని పక్కన కూర్చుని రొట్టె తిన్నాం. మాలో అందరికన్నా చిన్నది, ఇంట్లో చెప్పకుండా వచ్చిన అమ్మాయి, గట్టిగా ఒక కేక వేసింది. ఊరికే. అది అవతలి గుట్టకు తగిలి తిరిగొచ్చింది. తరవాత అందరం వేశాం, అవ్వతో సహా.

దిగి వచ్చేసరికి మూడో జాము. అక్క కూలీల చేల దగ్గరికి పుట్టి తీసుకుపోయి ఇంకా రాలేదు. కొండ అడుగున నీళ్లు చిన్న వంపు తిరిగిన చోటు ఒకటుంది. నేను చీర ఎగ్గట్టి గోచీ దోపి నీళ్లలోకి దిగాను. మోకాళ్ల లోతు, నడుము లోతు, ఆ తరవాత కాళ్లకు నేల అందలేదు. పన్నెండో ఏట ఆగిపోయిన చేతులు వాటంతట అవే ఆడాయి. చీర బరువుకు ముందు కొంచెం మునిగాను, నీళ్లు మింగాను, తరవాత కుదిరింది. వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ తేలాను. నర్సమ్మ మెడలోతులో నిలబడింది. మిగిలినవాళ్లు మోకాళ్ల దాకా దిగి ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకున్నారు.

అప్పుడే కట్ట మీద జీపు ఆగింది. మా ఆయన పైఆఫీసరు, ఎవరో అతిథులతో వచ్చాడు. అవతలి గట్టు అనుకున్నంత దూరం కాదని అప్పుడు తెలిసింది. వాళ్లు దిగి నిలబడి మా వైపు చూడటం, కాపలా అతను చేతులు కట్టుకుని ఏదో చెప్పడం కనబడింది. భయం వేయలేదని చెప్పను. ఒడ్డున ఉన్నవాళ్లు గబగబా కొంగులు సర్దుకున్నారు. నాకు మాత్రం బయటికి రాబుద్ధి కాలేదు. వస్తే వాళ్లు పిలిచినట్టు, నేను వచ్చినట్టు అవుతుంది. అక్క పుట్టి తెచ్చేదాకా ఈదుతూనే ఉన్నాను.

గురువారం ఆయన ఆఫీసు నుంచి నల్లబడిన మొహంతో వచ్చాడు. చొక్కా విప్పకుండానే జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందర పెట్టాడు. నా భార్య తెలియక చేసిన పని, ఇకముందు ఇట్లాంటివి జరగవు, అని ఆయన చేతిరాతలోనే ఉంది. కింద ఆయన సంతకం, దాని పక్కన నాకోసం వదిలిన చోటు.

"పెట్టు," అన్నాడు.

"తెలియక చెయ్యలేదు గదా. తెలిసే చేసినా."

"నా నౌకరీతో ఆటలాడతాండావు. అందరి ముందర నిలబెట్టి అడిగినాడు, నీ పెండ్లామేనంట గదా అని. నేల చీలితే దాంట్లో పోదామనిపించింది నాకు."

ఆ మాట నాకు తగిలింది. ఆయన చెడ్డవాడు కాదు. నాలుగేళ్లలో చెయ్యెత్తిన మనిషి కాదు. "మిమ్మల్ని నిలబెట్టి అడిగింది ఆయన తప్పు. నన్ను పిలిచి అడిగింటే నేనే చెప్పుదును," అన్నాను.

"సంతకం పెడతావా, లేదా?"

"పెట్టను."

ఆయన కాగితం చించలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

మాకు జరిగింది అంతే అయితే నేను ఇది రాసేదాన్ని కాదు. ఆదివారం చెరువు నుంచి వచ్చిన మగవాళ్లు వీధిలో మాట్లాడుకుంటుంటే అసలు సంగతి తెలిసింది. అక్క పుట్టిని ఒడ్డుకు లాగించి, బండల మీద బోర్లించి, గొలుసు వేసి బంగళా కమ్మీకి కట్టేశారట. పర్మిట్టు లేకుండా జనాన్ని ఎక్కించుకుందని. నాలుగు రోజులుగా కూలీలు కట్ట చుట్టూ నడిచి పోతున్నారట. అక్కకు చేపలు లేవు, దాటింపు లేదు.

నేను నర్సమ్మ ఇంటికి పోయాను. ఆమెకు అంతా చెప్పాను. "మనల్ని ఏమీ అనలేక ఆమెను పట్టుకున్నారు," అంది. ఆమే కాగితం తీసి అర్జీ రాసింది. ఫలానా బుధవారం మేం ఏడుగురం చెరువుకు పోయినాం, మేం అడిగితేనే ఆమె దాటించింది, తప్పంటూ ఉంటే మాది, ఆమె పుట్టి ఆమెకు ఇప్పించాలి. ఆఖరున, మేం మళ్లీ పోతాం కూడా, అని ఒక వాక్యం కలిపింది. ఆ వాక్యం ఉంటే సంతకం పెట్టనని ఒకామె అంది. ఆమె లేకుండానే ఐదు సంతకాలు, అవ్వ వేలిముద్ర అయ్యాయి. కాసేపటికి ఆమే తిరిగొచ్చి తన సంతకమూ పెట్టింది.

సోమవారం ఆఫీసు వరండాలో కూర్చున్నాం. మా ఆయన కూర్చునే గది కిటికీ అక్కణ్ణుంచి కనబడేది. ఆయన ఒకసారి చూసి, కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. బంట్రోతు వచ్చి అయ్యగారు పనిలో ఉన్నారన్నాడు. పొద్దుగూకేదాకా ఉండి ఇంటికొచ్చి వంట చేసుకున్నాం. మంగళవారం మళ్లీ పోయాం. నర్సమ్మ డ్యూటీ మార్చుకుని వచ్చింది. ఆఫీసు చుట్టుపక్కల వాళ్లు పని ఉన్నట్టు వచ్చి చూసిపోతున్నారు. మధ్యాహ్నం దాటాక ఆఫీసరు తానే వరండాలోకి వచ్చాడు. చదువుకున్న మనిషి, మాట మెత్తగానే ఉంది.

"ఎందుకమ్మా మీకు ఈ చెరువులూ, కొండలూ? ఏమైనా జరిగితే ఎవరిది బాధ్యత? మీ మంచికే చెప్తున్నాను."

నర్సమ్మ అర్జీ అందించింది. ఆయన చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర ఆగి తలెత్తాడు. "మళ్లీ పోతామని రాశారే."

"పోతాం సార్. అందుకే రాసినాం."

ఈలోగా అవ్వ స్తంభం పట్టుకుని లేచి నిలబడింది. "అయ్యా, నువ్వు ఆ కొండెక్కితివా?" అని అడిగింది.

"ఎక్కాను."

"ఎక్కేటప్పుడు ఎవుర్ని అడిగితివి?"

ఆయన మళ్లీ అర్జీ వైపు చూశాడు.

"నేను పుట్టినప్పటి నుంచి దాన్ని కింద నుంచే చూస్తాండా. ఎక్కింది మొన్న. నీకేం నష్టమొచ్చిందో చెప్పు, వింటా. ఆ బిడ్డ పుట్టి ఇస్తావా, రేపు కూడా వచ్చి ఈడ కూసోమంటావా?"

ఆఫీసరు అర్జీ మడిచి బంట్రోతుకు ఇచ్చాడు. కాగితం మీద ఏ ఉత్తర్వూ రాయలేదు. "పుట్టి ఇచ్చేయమని చెప్తాను. మీరు వెళ్లండి," అని లోపలికి పోయాడు. మంచి చేశాడని నేను అనను. తీసుకున్నది తిరిగి ఇచ్చాడు.

బుధవారం మేం పోయేసరికి గొలుసు తీసేసి ఉంది. అక్క పుట్టి పక్కన కూర్చుని ఉంది. వారం రోజులు బండల మీద ఎండకు బోర్లా పడి తోలు బిగుసుకుని కుట్ల వెంబడి చీలిపోయింది. ఒకపక్క కుక్కలు కొరికేశాయి. మమ్మల్ని చూసి అక్క కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే పడాలనే పోయాను. ఆమె, "వచ్చినారా," అంది. ఆ తరవాత, "దీన్ని నీళ్లలో యేస్తే మునుగుతాది," అంది.

"కొత్త తోలు మేం తెస్తాం," అన్నాను.

"తెస్తే సరా? కుట్టాల గదా. నా ఒక్కదాని చేత కాదు."

"కుడతాం."

ఆమె మా చేతుల వైపు, మా చీరల వైపు చూసింది. మా ఇళ్లలో తోలు తాకితే తలస్నానం చేయకుండా వంటింట్లోకి పోనిచ్చేవాళ్లు కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "మీరా?" అంది.

మరుసటి బుధవారం బండిలో తోలు వేసుకుని పోయాం. చెరువు నీళ్లలో నానేసి, అక్క చెప్పినట్టు లాగి పట్టుకున్నాం. నానిన తోలు వాసన గొంతులో దిగి అక్కడే ఉండిపోతుంది. ముందు నర్సమ్మ కూర్చుంది, తరవాత నేను. దబ్బనంతో రంధ్రం చేసి, సన్నని తోలుపట్టీ దూర్చి, వెదురు అంచుకు బిగించి లాగాలి. అరచేతులు కోసుకుపోయాయి. మాలో ఇద్దరు మొదట దూరంగా నిలబడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. అవ్వ వాళ్లతో, "మే, నిలబడింది చాలు, ఈ కొస పట్టుకోండి," అంది. పట్టుకున్నారు. కాపలా అతను వరండా మెట్ల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా చూశాడు. తరవాత లేచి వచ్చి మా చేత కాని ఒక ముడి బిగించి పోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో నా చేతుల వాసన ఆయనకు తగిలింది. కంచం ముందు నుంచి లేచిపోయాడు. రెండు రోజులు హోటల్లో తిన్నాడు. ఆ ఏడు ఆయనకు రావలసిన ప్రమోషను రాలేదు. దానికి కారణం నేనేనని ఆయన నమ్మాడు. కావచ్చు. ఆయన బాధ నిజమైన బాధ, దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. తరవాత ముప్పై ఏళ్లు కలిసి బతికాం, పిల్లల్ని పెంచాం, ఒకరి జబ్బులో ఒకరం కూర్చున్నాం. అయినా ఆ చెరువు మాట ఎత్తితే మాత్రం ఆయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు. నేను మాట మార్చేదాన్ని కాదు. ఆయన వచ్చాక ఆపిన చోటి నుంచే చెప్పేదాన్ని.

ఆ చలికాలమంతా ప్రతి బుధవారం కాకపోయినా, కుదిరిన ప్రతి బుధవారం పోయాం. నేను అక్క సాయం లేకుండా పుట్టి నడపడం నేర్చుకున్నాను. నర్సమ్మకు ఈత నేర్పాను. మా అందరిలో చిన్నదాన్ని రెండు నెలలు ఇంట్లో బయటికి రానివ్వలేదు. మూడో నెల తనే వచ్చి బండిలో కూర్చుంది, ఎట్లా వచ్చావని మేం అడగలేదు. పక్క వీధి వాళ్లు కొందరు మా గురించి అనరానివి అన్నారు. ఆ వీధి నుంచే తరవాత ముగ్గురు వచ్చి, మాకూ చోటుంటుందా అని అడిగారు.

మరుసటి ఏడు వాన రాలేదు. ఆ తరవాతి ఏడూ అంతే. చెరువు ముందు మరువ దగ్గర తగ్గింది, తరవాత తూము దగ్గర గుంటగా మిగిలింది, ఎండాకాలానికి అదీ పోయింది. మగవాళ్లు పోవడం మానేశారు. చూడటానికి ఏముందని అన్నారు. బంగళాకు తాళం పడింది. అక్క పుట్టిని తన గుడిసె పక్కన నీడలో బోర్లించి, తోలు ఎండకుండా తడి గోనెలు కప్పింది. చెరువు లోపలి నేలలో తడి ఉన్న చోట దోస పాదులు పెట్టింది.

మేం మానలేదు. నీళ్లున్నప్పుడు పుట్టిలో దాటిన చోటనే పగుళ్లిచ్చిన ఒండ్రు మీద నడిచి దాటాం. నడక ఎక్కువసేపు పడుతుంది, ఎండ పైనుంచీ కింది నుంచీ కొడుతుంది. అవ్వకు అరవై నాలుగో అరవై ఐదో. బండి చెరువులోకి దింపిస్తామంటే వద్దంది. చేతికర్ర పగుళ్లలో దిగబడకుండా చూసుకుంటూ నడిచింది. నడిమధ్యలో ఆగి, "ఈడ ఎంత లోతుండెనో," అంది. అక్క తన తల మీద చెయ్యెత్తి, ఇంకా పైకి అని చూపించింది. ఇద్దరూ కాసేపు పైకి చూశారు.

కొండ మీద ఆ రోజు దొన కూడా ఎండిపోయి ఉంది. అక్క తెచ్చిన దోసకాయలు కోసి, ఉప్పూ కారం అద్దుకుని తిన్నాం. వేడికి కొండ కింద ఏదీ నిలకడగా కనబడలేదు. పొద్దు వాలేదాకా కూర్చుని, ఎవరికి తోచినప్పుడు వాళ్లం లేచి దిగాం. ఇంటికొచ్చేసరికి వీధిలో దీపాలు పెట్టారు. ఇంతసేపు ఎందుకయిందని ఎవరింట్లోనూ ఎవరూ అడగలేదు.